మూడు కాళ్ళ భూరీ, మా అత్తగారి బొంతలు

పొద్దున్నే మా రాయపూర్ తేలీబాంధా చెరువు చుట్టూ రెండు చుట్లు నడవమని డాక్టరు నాకు పని పెట్టాడు. నడవడం కంటే నిలబడి చూడడమే ఎక్కువ చేస్తాననుకోండి. నిన్న ఒక అమ్మాయి అక్కడికి పసుపు రంగు కుక్కను తీసుకొచ్చింది. దానికి ముందు కాలు ఒకటి లేదు. బొచ్చు గొరిగిన చోట ఇప్పుడిప్పుడే నూగు వస్తోంది. బెంచీల మీద కూర్చున్న పెద్దమనుషులు ‘బేచారా, బేచారా’ అని నిట్టూరుస్తున్నారు. ఆ కుక్క మాత్రం వాళ్ళ జాలిని లెక్కచేయకుండా, జిలేబీ పొట్లం చేతిలో ఉన్న ఒకాయన వెంట గెంతుకుంటూ పడింది. నాకు నవ్వాగలేదు. నా నవ్వు చూసి ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. దగ్గరికి వెళ్ళి, మా ఇంట్లో కూడా ఇలాంటిదొకతి ఉండేదమ్మా అన్నాను. ఇక నిన్న రెండో చుట్టు నడవనే లేదు.

మా మావగారు బొబ్బిలి పక్క పల్లెటూరి నుంచి రాయపూర్ వచ్చి, రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. సర్వీసు ఇక కొన్ని నెలలే ఉందనగా ఒక సాయంత్రం ఆయన టిఫిన్ సంచీ కదులుతూ ఇంటికొచ్చింది. లోపల అరచేతిలో పట్టేంత కుక్కపిల్ల. మట్టిరంగులో ఉంది కాబట్టి వర్క్‌షాపులో వాళ్ళు దాన్ని భూరీ అన్నారట. మా అత్తగారికి అది ‘బూరె’ అని వినిపించింది. తినే వస్తువు పేరు కుక్కకు పెట్టడమేమిటని కొన్నాళ్ళు సణిగి, చివరికి తానూ బూరె అనే పిలిచారు. కుక్క రెండు పేర్లకూ పలికేది. పిలిచిన గొంతులో తిండి సంగతి ఉందో లేదో, అంతవరకే దానికి కావాలి.

భూరీకి ఆరేళ్ళప్పుడు మావగారు పోయారు. అత్తగారు అప్పట్నుంచి దాన్ని ‘ఆయన నెత్తిన పెట్టి పోయిన పని’ అనేవారు. నిమరడం, ముద్దు చేయడం ఆవిడ వల్ల కాదు. వరండా, హాలు భూరీవి; వంటింటి గడప దగ్గర దాని రాజ్యం ఆఖరు. గడప మీద ముక్కు పెట్టినా సరే, లోపలి నుంచి గరిటె చప్పుడు వినిపించేది. అయితే తొమ్మిదిన్నరకి దాని అన్నం, ఆరింటికి దాని పాలు ఒక్క రోజు కూడా నిమిషం అటూ ఇటూ అయినట్టు నాకు గుర్తు లేదు. మా భోజనాలకు ఆ గ్యారంటీ ఉండేది కాదు.

దానికి పదేళ్ళు దాటాక ఒక ఎండాకాలం వెనక కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాం. తరువాత బెణుకనుకున్నాం. మడమ పైన వాపు గట్టిపడి, తాకితే మూలగడం మొదలెట్టాక మా ఆయన ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో ఎముక చెదపట్టిన కర్రలా కనిపించింది. గడ్డ అని, మంచిది కాదని, ఛాతీలోకి మాత్రం ఇంకా పాకలేదని డాక్టరు చెప్పాడు. కాలు మొత్తం తీసేస్తే కొన్నాళ్ళు హాయిగా బతుకుతుంది, ఎన్నాళ్ళో తాను చెప్పలేనన్నాడు. లేదంటే ఒక ఇంజెక్షన్ ఉంది, నొప్పి తెలియకుండా వెళ్ళిపోతుందన్నాడు.

చుట్టాల్లో ఫోన్ చేసినవాళ్ళందరూ ఇంజెక్షన్ పక్షమే. ముసలి కుక్కను కోయించడమేమిటి, పాపం కదా అన్నారు. ఇప్పుడు దాచుకుని ప్రయోజనం లేదు, లోపల నేనూ ఆ పక్షమే. మా ఆయన రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయారు. మూడో రోజు అత్తగారు చెప్పులేసుకుని, నేనూ వస్తానని ఆటో ఎక్కారు. ఆ ఆస్పత్రికి ఆవిడ వెళ్ళడం అదే మొదలు. నలభై ఏళ్ళుగా రాయపూర్ నీళ్ళు తాగినా ఆవిడ హిందీ మాత్రం బొబ్బిలి నుంచి కదలలేదు. ఆ హిందీలోనే డాక్టరును ఒక్క ప్రశ్న అడిగారు: ‘టాంగ్ రహేగా తో దర్ద్, కీ నికాలేగా తో దర్ద్?’ కాలుంటే నొప్పా, తీస్తే నొప్పా అని. నొప్పంతా ఆ కాల్లోనే ఉంది మాతాజీ, అన్నాడు డాక్టరు. ఆవిడ కొడుకు వైపు తిరిగారు.

‘అయితే తీసీమను. అంతకాడికి ఇంతమందిని అడగడం దేనికి?’

నేనప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. కుక్క కోసమంటే సెలవివ్వరేమోనని ‘ఇంట్లో పెద్దావిడకు ఆపరేషన్’ అని రాసిచ్చాను. అబద్ధమేమీ కాదు, కుక్క లెక్కలో భూరీ పెద్దావిడే. మా హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి. మర్నాడు మా అత్తగారికని దానిమ్మకాయలు పంపింది. ఉన్న సంగతి అత్తగారికి చెప్పి, తల దించుకుని నిలబడ్డాను. ఆవిడ ఒక కాయ వలిచి, గింజలు నోట్లో వేసుకుని, పళ్ళు బాగున్నాయన్నారు.

వాన పట్టిన రోజున భూరీని ఇంటికి తెచ్చాం. కుడివైపు నడుము దాకా బొచ్చు గొరిగేశారు. నున్నని గులాబీ రంగు చర్మం మీద పొడుగ్గా కుట్లు. కుట్లు నాకకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా. నేను తిన్నగా చూడలేకపోయాను. మా ఆయన దాన్ని హాల్లో దింపారు. పాత రాయపూర్ ఇళ్ళన్నిట్లోలాగే మా ఇంటి నేల కూడా ఫర్షీ రాయి. ముప్ఫై ఏళ్ళుగా తడిగుడ్డతో తుడిచి తుడిచి అద్దంలా నున్నబడింది. భూరీ లేచి నిలబడింది, ఒక అడుగు వేసింది, ఉన్న ఒక్క వెనక కాలూ జారి, కుట్ల మీదే పడింది. అది కుయ్యిమనలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. అలాగే పాక్కుంటూ మూలకు పోయి, గోడ వైపు ముఖం పెట్టి పడుకుంది. అన్నం ముట్టలేదు. పాలగిన్నె దగ్గరికి జరిపితే కళ్ళు మూసుకుంది. తప్పు చేశామండీ అన్నాను మా ఆయనతో. జవాబు అత్తగారు చెప్పారు.

‘తప్పు దాందీ కాదు, మనదీ కాదు. ఈ ఫర్షీది.’

ముందు గోనెసంచులు పరిచాం, వాటితో పాటు అది కూడా జారింది. ప్లాస్టిక్ చాపలూ అంతే. అప్పుడు అత్తగారు మంచం కింది ట్రంకుపెట్టె లాగించారు. అందులో ఆవిడ పాత నేత చీరలు పొరలు పొరలుగా వేసి, దగ్గర దగ్గరగా దారం పోసి కుట్టిన బొంతలు ఉన్నాయి. ఇంటికెవరైనా చుట్టాలొస్తే పరుస్తాం, తరువాత మళ్ళీ పెట్టెలోకి. అలాంటివి ఐదు బయటికి తీసి, దాని మూల నుంచి పెరటి గుమ్మం దాకా దారిలా పరిచారు. మా ఆయన ఫిట్టరు కొడుకే కదా, ఊరికే ఉంటారా? సైకిలు దుకాణం నుంచి పాత ట్యూబులు తెచ్చి, పట్టీలుగా కోసి, బొంతల అడుగున కుట్టమన్నారు. రబ్బరు రాతిని పట్టుకుంటే బొంత జారదు. తల్లీ కొడుకులిద్దరూ నేల మీద చతికిలబడి దబ్బనాలతో ఒక పూటంతా కుట్టారు. మావగారు పోయాక వాళ్ళిద్దరూ కలిసి ఒక పని చేయడం నేను చూసింది అదే.

జారడం ఆగింది కానీ అసలు చిక్కు వేరే వచ్చిపడింది. ఇంటికొచ్చిన మధ్యాహ్నం నుంచి భూరీ ఒంటికి పోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో తడిపిన కుక్క కాదది. పెరట్లోకి తీసుకెళ్తే ఆడకుక్క కూర్చోవాలి, కూర్చోవడానికి రెండో కాలు లేదు. నడుం కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకోమని డాక్టరు నేర్పాడు. మా ఆయన తువ్వాలు పట్టుకున్నారు, నేను గొడుగు పట్టుకున్నాను, ఇద్దరం వంగి వంగి చూస్తున్నాం, అది మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున ఫోన్ చేస్తే, ఇంకో రెండు గంటలు చూసి తీసుకొచ్చేయండి, గొట్టం వెయ్యాలి, ఇలా ఉంటే ప్రమాదమన్నాడు డాక్టరు. దాన్ని మళ్ళీ ఆటో ఎక్కించి, ఆ కుట్ల మీద మళ్ళీ ఆ చేతులన్నీ పడనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంకొక్కసారి చూద్దామని పెరట్లోకి తీసుకెళ్ళాం. సన్నగా తుంపర పడుతోంది. అదే తువ్వాలు, అదే గొడుగు, అదే చూపులు. వంటింటి కిటికీలోంచి ఇదంతా గమనిస్తున్న అత్తగారు పొయ్యి కట్టేసి బయటికొచ్చారు.

‘ఇద్దరూ అలా గుడ్లప్పగించి చూస్తంటే దానికి మాత్రం షరం ఉండదేటి? నిన్నలా చూస్తే నీకు వస్తాదా? అటు తిరగండి.’

తిరిగాం. మా ఆయన తువ్వాలు కొసలు రెండూ వెనక్కి చేతులతో పట్టుకుని గోడకేసి చూస్తున్నారు. నేను జామచెట్టుకేసి. అత్తగారు కూడా, చెప్పిన మాటకు తాను కట్టుబడాలి కాబట్టి, తల మీద కొంగు కప్పుకుని పక్కింటి వైపు తిరిగారు. పక్కింటావిడ మేడ మీద బట్టలు తీస్తోంది. మేం ముగ్గురం వానలో మూడు దిక్కులకు తిరిగి ఎందుకు నిలబడ్డామో ఆవిడకు ఈనాటికీ తెలియదు. చాలాసేపైనట్టనిపించింది. అప్పుడు తుంపర చప్పుడులో ఇంకో చప్పుడు కలిసింది. అది ఎంతకీ ఆగదు. ఎవరం వెనక్కి తిరగలేదు. మా ఆయన భుజాలు కదులుతుంటే నవ్వుతున్నారనుకున్నాను. తిరిగి చూస్తే నవ్వు కాదు. అత్తగారు మాత్రం ‘భేష్’ అని ఒక్కమాట అని, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట భూరీ పెరుగన్నం గిన్నె అడుగు కనిపించేదాకా తింది.

ఆ తరువాత సంగతులు చకచకా జరిగాయి. కుట్లు విప్పారు. తువ్వాలు నాలుగు రోజులు గట్టిగా పట్టుకున్నాం, ఇంకో వారం పేరుకు పట్టుకున్నాం, చివరికి భూరీయే దాన్ని నోట కరుచుకుని పోయి పెరట్లో పడేసింది. ఒంటి కాలు నడుం కిందికి మధ్యగా తెచ్చుకుని, ముందు కాళ్ళ మీద భారం వేసి నడవడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఒక్కటి మాత్రం దానికి ఎప్పటికీ అర్థం కాలేదు. కుడి చెవి దురద పుడితే తల వంచి, కళ్ళు అరమూసి, లేని కాలుతో గోక్కోవడానికి సిద్ధమయ్యేది. నడుం దగ్గర కండ మాత్రం టకటకా ఆడేది. చెవికి ఏమీ తగలదు. ఇదేమిటన్నట్టు వెనక్కి చూసేది. మొదటిసారి చూసినప్పుడు నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను. అత్తగారు మాత్రం చేస్తున్న పని ఆపి, వంగి, ఆ చెవిని బరబరా గోకారు. పదేళ్ళలో ఆవిడ దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఇక అది ఇంట్లో రివాజైపోయింది. ఆ కండ ఆడడం ఎవరికి కనబడితే వాళ్ళు వెళ్ళి గోకాలి. పేపరు చదువుతున్నా సరే, ఫోనులో ఉన్నా సరే.

ఈ డ్యూటీ ఎక్కువగా అత్తగారికే పడేది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరగలేక మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ఒక రోజు ఆరో బొంత తీసి, హాల్లోంచి వంటింటి గడప దాకా పరిచారు. సగం బొంత గడప దాటి లోపలికి వచ్చింది. నేను బొంతకేసీ ఆవిడకేసీ చూశాను. గడప లోపలికి వచ్చింది బొంత గానీ కుక్క కాదన్నారు ఆవిడ. భూరీ ఆ న్యాయం చక్కగా అర్థం చేసుకుంది. ఆ రోజు నుంచి అది వంటింట్లోకి అడుగు పెట్టలేదు, బొంత మీదే పడుకుంది.

దసరా ముందు రోజుల్లో వీధిలోకి నడిపించాం. అభన్‌పూర్ నుంచి కూరలు తెచ్చి అమ్మే ఆవిడ తట్ట దింపి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూసింది. ‘తీన్ గోడ్ మా ఘలో రేంగథే’ అంది, మూడు కాళ్ళతో కూడా నడుస్తోందే అని. నడవడమేమిటి, అది ఆవిడ తట్టలోంచి ఒక క్యారెట్ లాక్కుని ఇంటికి పరిగెత్తింది. నేను దాని వెనకాల పరిగెత్తి అందుకోలేకపోయాను.

భూరీ ఆ తరువాత రెండేళ్ళకు పైగా బతికింది. ఒక చలికాలం ఉదయం వరండాలో ఎండ కాగుతూ, అన్నం తిని పడుకుని, మళ్ళీ లేవలేదు. ఏడ్చాం గానీ, అది నొప్పితో పోలేదన్న తృప్తి ఏడుపును ఎక్కువ రోజులు నిలవనివ్వలేదు. మా అత్తగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. భూరీ మాటొస్తే ఈనాటికీ ఆయన నెత్తిన పెట్టి పోయిన పనే అంటారు. ఆ పని ఇంకొన్నాళ్ళుంటే బాగుండేదన్నట్టు అంటారు.

ఆపరేషనైన కొత్తలో నేను వంటింటి క్యాలెండర్ మీద ప్రతి రోజునూ పెన్సిల్‌తో కొట్టేసేదాన్ని, ఈ రోజు కూడా దక్కిందని. దీపావళికి గోడలు దులుపుతుంటే చూసుకున్నాను, ఆ క్యాలెండర్‌లో ఇంకా ఆగస్టే వేలాడుతోంది. పద్దెనిమిదో తారీఖు దాకా గీతలున్నాయి, ఆ పైన లేవు. పందొమ్మిదిన ఏ పనిలో పడి లెక్కపెట్టడం మరిచిపోయానో నాకు గుర్తు లేదు. మేం బాగా బతికిన రోజులు మాత్రం ఆ గీతల తరువాతివే.