నూకప్ప పోసిన నీళ్ళు

టాటానగర్ బిష్టుపూర్‌లో ఆ వెల్‌నెస్ సెంటర్ తలుపు తోయగానే నా ముక్కుకు ముందు తగిలింది సాంబ్రాణి, దాని వెనకే నువ్వుల నూనె, ఆ రెండింటినీ కప్పేయడానికి ఎవరో చల్లిన నిమ్మగడ్డి సెంటు. కప్పిపెట్టిన వాసనంటే నాకు అనుమానం. అసలు నాకు అనుమానం రాని వస్తువు లోకంలో లేదని మా అమ్మాయి అంటుంది. నడుం నొప్పికీ, పట్టని నిద్రకీ, ఊరికే కళ్ళలో తిరిగే నీళ్ళకీ ఒకే చోట వైద్యం చేస్తారని చెప్పి మాంగో పేటలో మా ఇంటి నుంచి ఆటోలో కూర్చోబెట్టి తీసుకొచ్చిందీ తనే. లోపల మూడు గదులు: ఒకటి ఒంటికి, ఒకటి మనసుకి, ఒకటి ఆత్మకట. మొదటి గదిలో నూనె రాశారు, బాగానే ఉంది. రెండో గదిలో పాతికేళ్ళ పిల్ల ఒకతె తలుపు మూసి, "ఆంటీజీ, మన్ మే జో భీ హై, బోల్ దీజియే. యహా కోయీ నహీ సున్‌తా" అంది. మనసులో ఉన్నది చెప్పేయండి, ఇక్కడ వినేవాళ్ళెవరూ లేరని. నేను తలుపు వైపు చూశాను. మూసిన తలుపు వెనక ఎవరూ ఉండరంటే నేను నమ్మను. తొమ్మిదేళ్ళ వయసులో అలాంటి తలుపు వెనక నిలబడ్డది నేనే.

అప్పట్లో మేం టాటానగర్ స్టేషన్‌కి పర్సుడీహ్ వైపు రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. మా లైన్‌లో పన్నెండు ఇళ్ళుంటే ఎనిమిది మనవాళ్ళవే, శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళవి. దుర్గాపూజ పందిళ్ళు విప్పేసి, వెదుళ్ళు ఇంకా రోడ్డు పక్కన పడి ఉండగానే చలి దిగేది. సాయంత్రమయ్యేసరికి ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి రాజేసేవాళ్ళు, ఆ పొగ మంచుతో కలిసి లైనంతా మోకాలెత్తున నిలిచేది, ఆ పొగలోనే మేం తొక్కుడుబిళ్ళ ఆడుతూ, బిళ్ళ ఏ గడిలో పడిందో కనపడక జుట్లు పట్టుకునేవాళ్ళం. ఛఠ్ పండక్కి పక్కింటి బిహారీ చాచీ ఠేకువాలు పంపేది, గోధుమపిండిలో బెల్లం కలిపి నేతిలో వేయించిన గట్టి బిళ్ళలు. నాన్నమ్మ వాటిలో ఒకటి విరిచి, వాసన చూసి, ముందు నాకు పెట్టేది. కాసేపు నా మొహం చూస్తూ కూర్చుని, నాకేమీ కాలేదని తేల్చుకున్నాక తను రెండు తినేది.

నాన్నమ్మ అలాంటి మనిషి. పాలవాడి చెంబును, పోస్ట్‌మేన్ నవ్వును, ఆసుపత్రి మాత్రల రంగును కూడా అనుమానించేది. అనుమానం పెనుభూతం అంటారు, మా ఇంట్లో ఆ భూతానికి రెండు పూటలా కంచం పెట్టేవాళ్ళం. నేను ఆవిడ పక్కలో పడుకుని పెరిగాను గనక ఆ గుణం నాకు వేరే నేర్పనక్కర్లేకపోయింది.

ఆ ఏడు కార్తీకంలో అమ్మకు మగపిల్లాడు పుట్టాడు. తొమ్మిది రోజులున్నాడు. జ్వరం వచ్చింది, పోయాడు. ఉయ్యాలకని నాన్న కట్టిన తాడు ఇంకా దూలానికే ఉంది. పురుడు కాలేదు, బారసాల కాలేదు, వాడికి పేరు లేదు. "పేరెట్టని గుంటడి కోసం ఏడవకూడదు. ఏడిత్తే మల్లా కడుపు పండదు" అని నాన్నమ్మ శాసనం చేసింది. అమ్మ ఏడవలేదు. తిననూ లేదు, మాట్లాడనూ లేదు, తల దువ్వించుకోలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. "అమ్మా" అని నేను పిలిస్తే తల తిప్పి చూసేది గాని ఆ చూపులో నేను ఉండేదాన్ని కాదు. అమ్మ ఇక ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు చచ్చేంత భయంగా ఉండేది.

అప్పుడొచ్చింది నూకప్ప. అసలు పేరు నూకాలమ్మ, లైన్‌లో అందరికీ అప్పే, అంటే అక్కే. గ్యాంగ్‌మేన్‌గా చేసిన పెనిమిటి పోయాక పర్సుడీహ్ బజారు వెనక ఒక్క గదిలో ఉంటూ, మన బాలింతలకి నలభై రోజులు నీళ్ళు పోసేది. మనిషి పొట్టి, చేతులు మాత్రం పెద్దవి. నాన్నమ్మ గుమ్మంలోనే అడ్డం పడింది.

"బిడ్డే లేనప్పుడు బాలింత నీళ్ళెందుకే?"

"బిడ్డ పోనాడని ఒంటికి తెల్దు కదమ్మా" అంది నూకప్ప. "పాలు పడతన్నాయి, నడుం పీకుతన్నాది. ఒంటికి సెయ్యాల్సింది ఒంటికి సెయ్యాల."

నాన్న సరేనన్నాడు. ఆ రోజు నుంచి తెల్లారేసరికి ఇల్లు వాసనలతో నిండిపోయేది. నువ్వుల నూనెలో వెల్లుల్లి, వాము వేసి కాచిన ఘాటు, గాబులో వావిలాకులు మరిగిన పచ్చి వాసన, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు బెల్లంలో దంచిన కాయం వాసన, అన్నిటి మీదా సాంబ్రాణి. నూకప్ప అమ్మకు ఒళ్ళంతా నూనె పట్టించి, తట్టుకోలేనంత వేడి నీళ్ళు పోసి, పొట్టకు పాత చీర బిగించి కట్టి, జుట్టుకు పొగ వేసేది. తర్వాత తలుపు మూసేది. మూసిన తలుపు వెనక అమ్మ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతూ గంటసేపు కూర్చునేది. ఆఖర్న పైడితల్లి పటం ముందు దీపం పెట్టించి, అప్పుడు తలుపు తీసేది.

"తలుపేసుకుని సేసీ పనేటుంటాది?" అని నాన్నమ్మకు నిద్ర పట్టలేదు. తనకేమో సాంబ్రాణి పొగ పడదు, దగ్గు తెర వస్తుంది. అందుకని నన్ను పిలిచింది. "ఒలే గుంటా, సందులోంచి సూడు. ఆవిడేటి సేత్తాదో, ఏటంతాదో నాకొచ్చి సెప్పు." ఒక్కో కబురుకి ఒక్కో బెల్లం ముక్క.

నిజం చెప్పాలంటే చాలా రోజులు చెప్పడానికేమీ దొరకలేదు. నూకప్ప పాదాలు పిసుకుతూ రోజూ ఒకటే అడిగేది: "ఆడి ముక్కెవులిదమ్మా?" అమ్మ పలికేది కాదు. పలకకపోతే నూకప్పకు తొందరేం లేదు, రెండో పాదం అందుకునేది. ఒక రోజు అమ్మ గోడవైపు చూస్తూనే, "మా నాన్నది" అంది. పది రోజుల తర్వాత అమ్మ గొంతు వినడం అదే మొదలు. నేను ఆ మాట నాన్నమ్మకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అందులో బెల్లం ముక్కకు సరిపడేంత అనుమానం ఏమీ కనపడలేదు.

ఇరవై ఒకటో రోజున కనపడింది. నూకప్ప వంటింట్లోంచి సన్నికల్లు పొత్రం తెచ్చింది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అమ్మ పాత చీర ముక్క చుట్టి అమ్మ ఒళ్ళో పెట్టింది. బారసాలలో బిడ్డ కంటే ముందు ఉయ్యాల్లో పొత్రాన్ని పడుకోబెడతారని నాకు అప్పటికి తెలియదు. నాకు తెలిసిందల్లా నాన్నమ్మ చెప్పిన చిల్లంగి కథలు, రాళ్ళకు పసుపు రాసి మనిషి ప్రాణం లాగేసేవాళ్ళ కథలు. "పేరెట్టమ్మా" అంది నూకప్ప. "పేరెట్టి, ఆడికోసం ఏడు. నానున్నాను." అమ్మ వంగి, ఆ రాతికి చెవి ఉన్నట్టు, గుడ్డలో మొహం పెట్టి ఏదో చెప్పింది. ఆ తర్వాత అమ్మ గొంతులోంచి వచ్చిన ఏడుపు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆ ఏడుపుకి పరిగెత్తాను.

"నాన్నమ్మా, అప్ప పొత్రానికి పసుపు రాసి అమ్మని ఏడిపిత్తన్నాది!"

నాన్నమ్మ తలుపు తన్ని తీసింది. పొత్రం చూసింది. ఆ మాట లైనంతా వినపడేలా అరిచింది: "సిల్లంగి! నా ఇంట్లో సిల్లంగి!" డ్యూటీ దిగి అప్పుడే వస్తున్న నాన్న పరుగున వచ్చి నాన్నమ్మ నోరు చేత్తో మూశాడు. "ఊరుకోయే! ఈ దేశంలో ఎవడైనా డాయన్, మంత్రగత్తె అనుకుంటే దాని పేణం తీసెత్తారు!" అన్నాడు. అయినా నూకప్పను ఉండమనలేదు. నూకప్ప నూనె గిన్నె చీరతో తుడిచి చంకన పెట్టుకుని, "ఇంకా పంతొమ్మిది నీళ్ళున్నాయి, ఆపకండి" అని చెప్పి వెళ్ళిపోయింది. వెళ్తూ నన్ను చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. తర్వాత లైన్‌లో ఏ బాలింతా ఆవిడను పిలవలేదు, రెండేళ్ళకి పలాస వెళ్ళిపోయిందని విన్నాం.

ఆ రోజు నాకు బెల్లం అచ్చు మొత్తం దొరికింది. ఇంకో వారానికి అమ్మ లేచింది, తల దువ్వుకుంది, రోజూ మధ్యాహ్నం తనే పర్సుడీహ్ బజారుకి కూరలకి వెళ్ళడం మొదలుపెట్టింది. నెత్తిన కొంగు కప్పుకుని తలొంచుకుని తిరిగొచ్చేది. నాన్నమ్మ ఆ మర్యాదకు మురిసిపోయి, "సూసేరా, సిల్లంగి ఇరిగిపోనాది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. తర్వాతి ఏడాదికి చెల్లి పుట్టింది. అమ్మ ఎవరితో మాట్లాడుతున్నా నేను వంటింట్లోకి వెళ్తే మాట ఆపేసేది. మా అమ్మ మితభాషి అని నేను జీవితమంతా అందరికీ చెప్పుకున్నాను.

నాకు కూతురు పుట్టి, దాని బారసాలలో అత్తగారు ఉయ్యాల్లో పొత్రం పడుకోబెట్టినప్పుడు గాని నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. అందరూ నవ్వుతుంటే నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. అమ్మకు ఏడవడానికి ఉన్న ఒక్క చోటునీ నేను పీకేశానని, ఒక మనిషి బతుకుతెరువు తీసేశానని, పాతికేళ్ళకు పైగా మోస్తూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు.

వెల్‌నెస్ సెంటర్‌లో ఆ పిల్లకీ చెప్పలేదు. మూడో గది చూడకుండానే బయటికొచ్చి, అమ్మాయిని ఇంటికి పంపేసి, ఆటో ఎక్కి పర్సుడీహ్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళాను. అమ్మ ఉండేది అక్కడే. మా క్వార్టర్ల లైన్ లేదు, పడగొట్టేశారు. కుంపట్లు లేవు, పొత్రాలు లేవు. నూనె రాస్తూనే కబుర్లు విని, ఆ చేతులతోనే దీపం పెట్టించే మనిషిని ఇప్పుడు వెతికినా దొరకదు. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అమ్మా, నూకప్ప సంగతి ఆ రోజు నాన్నమ్మకి సెప్పింది నానే" అన్నాను.

"తెల్సు" అంది అమ్మ.

"నీ నీళ్ళు సగంలో ఆగిపోనాయి నా వల్ల."

అమ్మ నవ్వింది. "ఆగిపోనేదు. పంతొమ్మిదీ పోయించుకున్నాను. నువ్వు బడికెల్లీదానివి, మీ నాన్నమ్మ తొంగునేది. కూరలకని సెప్పి అప్ప గదికెల్లీదాన్ని. తడిజుట్టు కనపడకుండా కొంగు కప్పుకునీదాన్ని."

గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఆ వెంటనే ఇంకొకటి ఎక్కింది. "మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్క ముక్క అన్నేదేటమ్మా?"

"నీకు సెప్తే నువ్వు సెప్పేత్తావు కదే" అంది. కోపం లేదు, దెప్పడం లేదు. ఫలానా కూర నాకు పడదు అన్నంత మామూలుగా అంది.

నాన్నమ్మ లేదు, నాన్న లేడు. ఇక నేనెవరికి చెబుతాను? "ఆడికేటి పేరెట్టేవు?" అని అడిగాను. అమ్మ ఒక చిక్కుడుకాయ ఈనె తీసింది, ఇంకొకటి తీసింది. టీ గ్లాసులతో వచ్చిన చెల్లి మా ఇద్దరినీ చూసి, "సెప్పీయమ్మా, అక్కే కదా" అంది. అమ్మ తల అడ్డంగా ఊపి, "టీ సల్లారిపోతన్నాది, తాగు" అంది నాతో. తాగాను. మా ఇంట్లో వాడి పేరు తెలియని మనిషిని నేనొక్కదాన్నే.