నొప్పుల బిళ్ళ ఇవ్వనన్న బాబాయి

మా రెంటచింతలలో మందుల షాపు బాబాయి మొన్న మంగళవారం పొద్దున పోయాడు. గుండెపోటు అన్నారు. ఆయన సాయిబు, నాకు చుట్టం కాదు. వీధిలో అందరికీ బాబాయే, నాకూ బాబాయే.

మనిషి మంచివాడే గానీ నోరు మంచిది కాదు. మిరపకోతల కాలంలో కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు నొప్పుల బిళ్ళ అడిగితే, ముందు "ఏమన్నా తిన్నావా?" అనేవాడు. తినలేదంటే బిళ్ళ ఇచ్చేవాడు కాదు. "నా కడుపు సంగతి నీకెందుకు బాబాయ్" అని వాళ్ళు విసుక్కునేవాళ్ళు. "కడుపు నీదే, బిళ్ళ నాది" అనేవాడు.

మా వైపు నొప్పుల బిళ్ళ మందు లెక్కలోకి రాదు. బీపీది మందు, షుగరుది మందు. తలనొప్పికీ నడుం నొప్పికీ మింగేది టీ తాగినంత మామూలు. ఇంట్లో మిషను కుట్టుకునే నేనూ అంతే. రెండేళ్ళ కిందట నాకు డిప్రెషన్ వచ్చింది. లేవాలనిపించేది కాదు, ముద్ద గొంతు దిగేది కాదు. వీధిలో ఎవరికీ చెప్పకుండా నరసరావుపేట పోయి చూపించుకున్నాను. "ఇంకేమన్నా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే "ఏం లేవండి" అన్నాను. అబద్ధం చెప్తున్నాననే అనుకోలేదు. అప్పటికి రోజుకు రెండు మూడు నొప్పుల బిళ్ళలు మింగుతున్నాను.

ఆ చీటీ బాబాయికే ఇచ్చాను. చదివాడు, నా మొహం చూశాడు, ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి బయటపడితే నన్ను పిచ్చిదాన్ని చేసి, జాకెట్లు కుట్టడానికి ఇవ్వడం కూడా మానేస్తారని నా భయం. ఆయన కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

మూడు నెలల్లో నా జాకెట్లు రెండుసార్లు బిగించుకున్నాను. ఒకరోజు నొప్పుల బిళ్ళ అడిగితే బాబాయి ఇవ్వలేదు.

"ఏందమ్మా, సగమైపోయావు. ఈ బిళ్ళల సంగతి ఆ డాక్టరుకు చెప్పావా?"

"అయ్యేమన్నా మందులా ఏంది బాబాయ్?"

"మందులు కాకపోతే నా షాపులో ఎందుకుంటయ్యి? ఆ డాక్టరుకు ఒకటే తెలుసు. రెండూ తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. పోయి చెప్పు. చెప్పిందాకా నా కొట్టుకు రామాక."

నాకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనేసి వచ్చాను. వారం తర్వాత నరసరావుపేటలో, బరువు ఇంకా తగ్గిందని డాక్టరు మందు మార్చబోతుంటే అప్పుడు చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. డిప్రెషనే ఆకలిని చంపుతుందట. కొన్ని నొప్పుల బిళ్ళలు కడుపును చెడగొట్టి తిండి మీదికి మనసు పోనివ్వవట. డిప్రెషన్ మందుల్లోనూ కొన్ని బరువును అటూ ఇటూ చేస్తాయట. "ఏది ఎంత చేస్తోందో తేల్చడం మాకే కష్టం. మీరు ఒకటి దాస్తే ఇంకేం తేలుస్తాను?" అన్నాడు. డిప్రెషన్ మందు అలాగే ఉంచి, నొప్పుల బిళ్ళలు ఎట్లా తగ్గించాలో రాసిచ్చాడు. ఆకలి వెంటనే రాలేదు, మెల్లగా వచ్చింది. దేనివల్ల వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

బాబాయికి మాత్రం నువ్వన్నదే నిజమని చెప్పలేదు. తిట్టిన నోటితో ఎట్లా చెప్పాలో తెలియక రోజులు నెట్టాను. ఇప్పుడు అదే బాధ.

బాబాయి జనాజాను మోసుకుపోయాక, మూసిన షాపు షట్టరు ముందు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఎదురింటి అత్త వచ్చింది.

"ఏమే, సొంత బాబాయి పోయినట్టు ఏడుస్తున్నావు. ఆయన నీకేమవుతాడు?"

ఏమీ కాడని ఊరుకోవచ్చు. మనసొప్పలేదు.

"నాకు డిప్రెషన్ వచ్చిందత్తా. చానా రోజులు మందులు వాడాను. ఎవురికీ చెప్పకుండా నన్ను కాపాడింది ఆయనే."

వీధిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. అత్త అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఏ డాక్టరు దగ్గరికి పోయావమ్మా? మా కోడలు నెల రోజుల నుంచి అన్నం ముట్టటంలా" అంది.

నేను పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను.