ఆరబెట్టడం, ఎండబెట్టడం

నా తప్పు 1956 అక్టోబరు 9, మంగళవారం, ఉదయం ఏడుంబావుకు మొదలైంది. ఇన్నేళ్ల తరువాత, నిన్న మా కోడలు తంగేడు పూల పొడి పొట్లం తెచ్చింది. ముఖాన ముడతలు తగ్గిస్తుందని పైన రాసి ఉంది. విప్పగానే ఎండుగడ్డి వాసన. పూలకు ఎండ తగిలిందని ముక్కే చెప్పింది.

నంద్యాలలో మా పక్కింటి కరీంబీ అత్త హకీంగారి భార్య. ఆయన పోయాక ముఖానికి పూసే తంగేడు నూనె కాచి బతికింది. నలభై దాటిన ఆడవాళ్లు వచ్చేవారు. “ముడత పోదమ్మా, మెత్తబడతాది. పోతాదని చెప్పేటోళ్ల కాడికి పోవాకు” అని ముందే చెప్పేది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, పంతులమ్మ చదువు చదువుతున్నాను. ఆమె గుప్పిటతో కొలుస్తుంటే నవ్వి, తక్కెడ తెచ్చాను. ఐదుసార్లు తూచినా గుప్పెడు నాలుగు తులాలే తూగింది. “నీ తక్కెడ బాగానే ఉండాది పాపా, నా చెయ్యి మాదిరే” అంది.

ఆ మంగళవారం ఆమె కూతురి కాన్పుకు కడప పోతూ, నూనెలో పడే పదకొండు దినుసుల్లో ఏడు చెప్పి రాయించింది. మిగతా నాలుగు వచ్చాక చెబుతానంది. “పువ్వు ఆరబెట్టు” అంది. ఆరబెట్టేది తడిబట్టలను కదా అనుకుని, నేను “ఎండబెట్టవలెను” అని రాశాను. ఆ ఏటి పువ్వంతా ఎనిమిది రోజులు మిద్దె మీద ఎండలో పోశాను.

నలభై రోజులకు వచ్చి, నేను ఆ పువ్వు పోసి ఉంచిన కుండ మూత తీసింది.

“ఎండకు పెట్టినావా?”

“నువ్వు చెప్పినట్టే అత్తా” అని కాగితం చదివాను.

ఆమెకు చదువు రాదు. కాగితం వైపు చూసింది. “ఇన్నేండ్లు నీడన ఆరబెట్టినదాన్ని, నీకు ఎండబెట్టమంటినా? అనింటాను లే. రాసింది అబద్ధమాడతాదా?”

‘ఎండబెట్టడం’ ఆమె మాట కాదు, నా మాట అని నాకు అప్పుడే తెలిసింది. ఆ సంగతి చెప్పకుండానే కాగితం మడిచేశాను.

ఆమె మళ్లీ నూనె కాచలేదు. ఎవరైనా వస్తే “మతి నిలవడంల్యా, మంది ముఖాలతో ఆట గాదు” అని పంపేసేది. మిగతా దినుసులు అడిగితే, “తప్పు చెప్తానేమో పాపా” అనేది. రెండేళ్లకు పోయింది.

ఆ తరువాత ఎవరి మాట రాసినా, తిరిగి చదివి వినిపించి, వాళ్లు ఔనన్నాకే కాగితం మడిచాను. పోయినవి: ఒక ఏటి పువ్వు, నాలుగు దినుసులు, తన మతి మీద కరీంబీ అత్తకున్న నమ్మకం.