కిటికీకి ఎంత కరెంటు

సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగించే సూపర్‌వైజర్ ఉద్యోగం మానేసి, పావగడలో ఇళ్ల కిటికీలు కడిగే వ్యాపారం మొదలుపెట్టి నేటికి తొమ్మిది రోజులు. ఈ రోజు మొదటి బేరం తగిలింది. వల్లూరులో చేను ఆ సోలార్ పార్కుకే కౌలుకిచ్చి, టౌన్లో ఇల్లు కట్టుకున్న రంగమ్మవ్వ.

నా బకెట్టును, పొడవాటి బ్రష్షును ఎగాదిగా చూసి అడిగింది: “కడిగితే ఎంత కరెంటు జాస్తి వస్తాదప్పా?”

“ఇవి ఉత్త కిటికీలవ్వా. కరెంటు రాదు.”

“కరెంటు రాని అద్దాన్ని యాడన్నా దుడ్డిచ్చి కడిగిస్తారా? మా చేన్లో కరెంటుకే కదా కడిగిస్తాండారు.”

ఇన్నేళ్లూ కూలీలకు నేను చెప్పిందీ అదే. ఉన్న ఒక్క బేరం పోతుందన్న భయంతో, హాల్లో కిటికీ ఒకటి ఊరికే కడిగి చూపిస్తానన్నాను. మూడు బకెట్ల నీళ్లకు గానీ దుమ్ము వదల్లేదు.

అవ్వ వెలుతురు నిండిన హాలంతా కలియజూసింది. పట్టపగలు వెలుగుతున్న ట్యూబ్‌లైటు ఆపేసింది.

“కరెంటు రాదంటివే. మరి ఇదేంది?”

మిగతా కిటికీలన్నీ కడగమంది. నేను వంటింటి కిటికీ దగ్గరికి వచ్చేసరికి, నానిన మినప్పప్పు గిన్నెతో మిక్సీ పక్కన సిద్ధంగా నిలబడి ఉంది.

“దీన్ని ఇంకొంచెం గట్టిగా రుద్దప్పా. మిక్సీ తిరగాల.”

ఎందుకైనా మంచిదని నేనూ రెండుసార్లు రుద్దాను. మీ ఇంట్లో ఏ కిటికీతో ఏం నడపాలో కామెంట్లో చెప్పండి, దాన్ని బట్టి రుద్దుతాను.