మూడు రివర్సు గేర్ల జీపు

పోయిన ఆదివారం పొద్దున నేను మా వీధిలో నాలుగు డ్రమ్ముల నీళ్లు నేలపాలు చేసినాను. ఎండాకాలంలో! పామిడిలో! ట్యాంకరు వచ్చి పోయి పావుగంట కూడా కాలేదు. నవ్వేది తర్వాత నవ్వొచ్చు గానీ, టీ తాగుతా వినండి. నిన్న జరిగింది ఇంకోటుండాది. అది తెలియాలంటే ముందు ఇది తెలియాల.

మా ఇంటెనక పెట్టుకున్న జీపు సంగతి మీలో కొందరికి తెలీదు గదా. మా నాయన గవర్నమెంటు డ్రైవరు. ఒకే జీపు ఇరవై ఏండ్లకు పైగా నడిపినాడు. ఆఫీసర్లు మారినారు గానీ జీపూ మారలేదు, నాయనా మారలేదు. తర్వాత దాన్ని వేలంలో అమ్మేసినారు. అది చేతులు మారి మారి తాడిపత్రిలో ఒక బండల పాలిషు షెడ్డు ఎనకాల తేలింది. మా ఆయన ఆ పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఒకరోజు ఫోటో తీసి పంపినాడు. "మీ నాయన బండి మాదిరి ఉండాదే, చూపించు" అని.

చూపించినాను. నాయన కండ్లద్దాలు తుడుచుకుని, ఫోను దగ్గరికి దూరానికి జరిపి చూసినాడు.

"డ్రైవరు పక్క రేకు మీద తడిగుడ్డతో తుడిచి చూడమను పాపా. మోచెయ్యి ఆనిచ్చే తావున పెయింటు అరిగిపోయి ఉంటే అది నా బండే."

మా ఆయన తుడిచి చూసినాడు. అరిగి ఉండాది.

ఆ మాటే నాయన చానా రోజుల తర్వాత ఆడిన పెద్ద మాట. రెండేండ్ల కిందట పక్షవాతం తగిలి ఎడమ కాలికి బలం తగ్గింది. "ఇంగ క్లచ్చి తొక్కలేను" అని ఒక్క మాట అనినాడు. ఆ పొద్దు నుంచి కుర్చీలో నుంచి లేచేది తగ్గించినాడు, మాట్లాడేది తగ్గించినాడు. అందుకని ఆ తుప్పుముద్దను కొని, లారీలో ఏయించుకొచ్చి ఇంటెనక దించుకున్నాను. టైర్లు లేవు, సీట్లు లేవు, లోపల జానెడు ఎత్తు రాతి పొడి. మా ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీన్ని రిపేరు చేస్తావా, అస్థికలు కలుపుతావా?" అని అడిగినాడు.

రిపేరే చేసినానప్పా! ఏడాదిన్నర. బడి అయిపోయినాక, ఆదివారాలు, దసరా సెలవులు, అన్నీ దానికే. వెల్డింగు పనికి మాబు అన్న వస్తాండె. బస్టాండు తావ ఆయనకి చిన్న షెడ్డు ఉండాది. మిగతాది నేనూ, ఒక స్పానర్ల పెట్టె, ఫోనులో వీడియోలు. నాయన కుర్చీ జరుపుకుని పక్కన కూర్చునేటోడు. మొదట్లో ఊరికే చూసేవాడు. తర్వాత తర్వాత, "ఆ బోల్టు అట్ల కాదు పాపా", "పన్నెండు పానా కాదు, పద్నాలుగు ఎత్తు" అంటా మొదలుపెట్టినాడు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి తనే కుర్చీలో నుంచి లేచి, కార్బురేటరు విప్పి పెట్టుకుని, పళ్లు తోమే బ్రష్షుతో రుద్దుతాండాడు. బ్రష్షు నాది. మర్నాడు ఇంకోటి కొనుక్కున్నాను.

సరే, ఎనక ఇరుసు. ఇడ్నించి జాగ్రత్తగా వినండి, ఈడే ఉండాది నా ఘనకార్యం.

ఇరుసు మీద స్ప్రింగుపట్టీలు కూర్చునేదానికి రెండు దిమ్మెలుంటాయి. అవి తుప్పు పట్టి చేత్తో పట్టుకుంటే పొడి రాలుతాండాయి. కోసేసి కొత్తవి వెల్డింగు చెయ్యాలని మాబు అన్న చెప్పినాడు. ఇరుసు దించినాము. పాత దిమ్మెలు కోసినాము. ఏది పైన, ఏది కింద అని మర్చిపోకుండా నేను సుద్దముక్కతో బాణం గుర్తు గీసినాను. టీచర్ని గదా, జేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. తర్వాత ఇరుసుకి జిడ్డు ఉండాదని కిరసనాయిలు పోసి శుభ్రంగా కడిగినాను. బాణం కూడా శుభ్రంగా పోయింది.

మాబు అన్న వెల్డింగు రాడ్డు పట్టుకుని అడిగినాడు. "టీచరమ్మా, పైన ఏ పక్క?"

"ఈ పక్క."

"కరెక్టుగా చూసి చెప్పు తల్లీ."

"నాకు తెలుసన్నా, బాణం గీసింది నేనే గదా!"

ఇంకో బాణం గీసిచ్చినాను. జ్ఞాపకంతో. చానా అందంగా వచ్చింది ఆ బాణం.

ఇరుసు ఎక్కించి, బండిని రాళ్ల మీద ఎత్తిపెట్టి స్టార్టు చేసిన రోజు ఎనక చక్రాలు గాల్లో గిర్రున తిరిగినాయి. మేమంతా చప్పట్లు కొట్టినాము. మా ఆయన వీడియో తీసినాడు. నాయన కండ్లు తుడుచుకున్నాడు. చక్రాలు తిరుగుతాండాయి అని చూసినాము గానీ, ఏ పక్కకి తిరుగుతాండాయి అని ఒక్కరంటే ఒక్కరు చూళ్లేదు!

ఇంగ పోయిన ఆదివారం. నాయనను ముందర సీట్లో కూర్చోబెట్టుకుని పెన్న ఒడ్డు దాకా తీసుకుపోతానని మాటిచ్చినాను. ఆయన ఆ పొద్దు ఐదు గంటలకే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా ఏసుకుని కుర్చీలో రెడీ. సర్వీసు నాటి ఆ ఖాకీ చొక్కా యాడ దాచినాడో నాకు తెలీదు. నలుగురం తోసి బండిని వీధిలో పెట్టినాము. ముందు చక్రాలకి పోయే షాఫ్టు ఇంకా తగిలించలేదు, ఎనక చక్రాలతోనే నడపాల. చాలు గదా, పెన్న దాకా.

పక్కింటి ఓబుళమ్మక్క హారతి పళ్లెం తెచ్చింది. ఆమెకి రోడ్డు మీద బొరుగుల ఉగ్గాని అమ్మే టిఫిను అంగడి. ఆదివారం బేరం ఎక్కువ, నీళ్లు కూడా ఎక్కువ కావాల. అందుకని ట్యాంకరు రాగానే నాలుగు నీలం డ్రమ్ములు నింపుకుని తన గడప ముందర వరసగా పెట్టుకుంది. అంటే, మా జీపుకి సరిగ్గా ఎనకాల.

ఆమె బండి ముందర నిలబడి హారతి తిప్పింది. నాలుగు టైర్ల ముందర నాలుగు నిమ్మకాయలు పెట్టింది. "పోనీ టీచరమ్మా, మెల్లగా నిమ్మకాయలు తొక్కించి పోనీ" అనింది. మాబు అన్న మా గేటుకానుకుని చేతులు కట్టుకుని చూస్తాండాడు, కూతురి పెళ్లి మాదిరి. నేను నాయన పక్క చూసినాను. తల ఊపినాడు. ఫస్టు గేరు ఏసి క్లచ్చి వదిలినాను.

బండి ఎనక్కి పోయింది.

ఢబ్! ఢబ్! రెండు డ్రమ్ములు పడిపోయినాయి.

"నా నీళ్లు!" అని ఓబుళమ్మక్క కేక. చేతిలో హారతి అట్లే మండుతాండాది.

"ఫస్టు ఎయ్యి పాపా!" అన్నాడు నాయన.

"ఫస్టే నాయనా!"

"అది రివర్సు! సరిగ్గా ఎయ్యి!"

ఆ కంగారులో గేరు మార్చి, ఈసారి రూఢిగా సెకండులో ఏసినాను. సెకండు ఇంకా స్పీడు గదా! ఇంకో రెండు డ్రమ్ములు. వీధి నడిమధ్యన పెన్న పారింది. ఇన్నేండ్లలో అంత నీళ్లు ఆ వీధిలో పారింది నేను చూళ్లేదు. నిమ్మకాయలు నాలుగూ పెట్టిన తావునే చెక్కుచెదరకుండా ఉండాయి.

మా ఆయన వీడియో ఆపకుండానే, "ఒకసారి రివర్సు ఏసి చూడు" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను ఏడుపు మొహంతో రివర్సు ఏసినాను. బండి గుయ్యిమని ముందరికి కదిలింది. ఫట్ ఫట్ ఫట్ ఫట్ అని నాలుగు నిమ్మకాయలూ చితికినాయి.

వీధిలో అందరూ ఆ చితికిన నిమ్మకాయల పక్కే చూస్తాండారు.

మాబు అన్న మెల్లగా వచ్చి, ఆ బురదలోనే పడుకుని, బండి కిందికి దూరి చూసినాడు. కొంచెం సేపటికి కింద నుంచి గొంతు వినపడింది. "టీచరమ్మా... మనం ఇరుసును బోర్లా ఏసినాము." బోర్లా ఏస్తే చక్రాలు ఉల్టా తిరుగుతాయి. ముందరికి పోయే మూడు గేర్లూ ఎనక్కి పోతాయి, రివర్సు ఒకటే ముందరికి పోతుంది. 'మనం' అనినాడు చూడండి, ఎంత మంచోడో! తొమ్మిదో తరగతికి బలాలు, చలనం చెప్పేదాన్ని నేను. బండి కిందికి దూరి ఆయన పక్కనే దాక్కుందామనిపించింది.

నిజం చెప్తా, నాకు నీళ్ల కన్నా నాయన మొహం చూడాలంటే భయమేసింది. ఏడాదిన్నరగా ఈ రోజు కోసం కూర్చున్నాడు. మల్ల మాట మానేస్తాడేమో! తిరిగి చూస్తే ఆయన భుజాలు ఎగురుతాండాయి. ఏడుస్తాండాడేమో అనుకున్నాను. నవ్వుతాండాడు! నోట మాట రాకుండా, కండ్లలో నీళ్లు కారేదాకా నవ్వుతాండాడు.

"నా సర్వీసులో ఎన్నో బండ్లు చూసినా పాపా... మూడు రివర్సు గేర్ల బండి ఇదే చూసేది!"

ఆ నవ్వు చూసి వీధి అంతా మొదలుపెట్టింది. ఓబుళమ్మక్క తప్ప.

"మీ నవ్వులకేమప్పా, నా అంగడికి నీళ్లు ఎవరు పోస్తారు?" అనింది, నడుముకి చెయ్యి పెట్టుకుని.

నాయన నవ్వు ఆపినాడు. "డ్రమ్ములు బండిలో ఎయ్యండి. ఈశ్వరయ్య తోటలో బోరు పోస్తాంటుంది. బండి ముందరికి పోతాండాది గదా, ఏ గేరులో పోతే ఏమి?"

ఇద్దరు ముగ్గురు పట్టి డ్రమ్ములు ఎక్కించినారు. మేము బయలుదేరినాము. రివర్సు గేరులో ముందరికి! మూడు కిలోమీటర్లు. బండి దారి పొడుగునా గుయ్యిమని ఒకటే ఏడుపు. మమ్మల్ని సైకిలాయన దాటిపోయినాడు. తర్వాత ఒక గొర్రెల మంద దాటిపోయింది. గొర్లాయన నిలబడి అడిగినాడు, "ఏమక్కా, బండికి కడుపునొప్పా?"

నాయన మాత్రం మోచెయ్యి పక్క రేకు మీద ఆనిచ్చి, దొర మాదిరి కూర్చున్నాడు. దారిలో ఏ మలుపు తావ ఏ ఆఫీసరుకి వాంతి అయ్యిందో, ఏ వంకలో బండి దిగబడితే ఊరోళ్లు ఎద్దులు కట్టి లాగినారో అన్నీ చెప్పినాడు. రెండేండ్ల మాటలు ఆ మూడు కిలోమీటర్లలో మాట్లాడినాడు. బండి ఇంకా మెల్లగా పోతే బాగుండు అనిపించింది నాకు. అంతకన్నా మెల్లగా పోయేదానికి వీల్లేదు, అది వేరే సంగతి.

తోటలో ఈశ్వరయ్య మామ బోరు కింద డ్రమ్ములు నింపినాడు. నాయన కర్ర పట్టుకుని దిగి, దోసిట్లో నీళ్లు పట్టి బానెట్టు మీద చల్లి, అరచేత్తో తుడిచినాడు. నేను ఆ పక్కకి చూడనట్టు నటించినాను.

ఓబుళమ్మక్క అంగడి గంట ఆలస్యంగా తెరిచింది. అయినా మాకు మూడు ప్లేట్లు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పంపించింది. బజ్జీల్లో కారం ఆ పొద్దు ఎందుకో ఎక్కువుండె.

మాబు అన్నకి పని ఎక్కువుండి వారం దాకా తీరలేదు. ఈలోపు ఊరికే పెట్టేదెందుకని రోజూ సాయంత్రం నేనూ నాయనా నీళ్లకి పోయి వస్తాంటిమి. ముందరికి పోవాలంటే రివర్సు. ఎనక్కి రావాలంటే ఫస్టు. రెండు రోజుల్లో చెయ్యి అలవాటు పడిపోయింది. అడిగినోళ్లకంతా ఒకటి రెండు బిందెలు పోస్తాంటిమి. వీధిలో మా పరువు మెల్లగా నిలబడతాండాది.

నిన్న మాబు అన్న వచ్చినాడు. ఇరుసు మల్ల దించి, దిమ్మెలు కోసి, ఈసారి నన్ను అడక్కుండా నాయనను అడిగి వెల్డింగు చేసినాడు. బండిని మల్ల రాళ్ల మీద ఎత్తిపెట్టి స్టార్టు చేసినాము. చక్రాలు ఏ పక్కకి తిరుగుతాండాయని ఈసారి ఎనిమిది మంది వంగి వంగి చూసినారు. కరెక్టు! అంతా కరెక్టు!

బండిని వీధిలోకి తోసినాము. మా వీధోళ్లు తెలివైనోళ్లు. ఒక్కరు కూడా ఎనకాల నిలబడలేదు. ఓబుళమ్మక్క డ్రమ్ములన్నీ లోపల పెట్టి తలుపేసుకుని కిటికీలో నుంచి చూస్తాండాది. నాయన పక్కన కూర్చున్నాడు. నేను దేవునికి దండం పెట్టుకుని, స్టార్టు చేసి, ముందరికి పోదామని గేరు ఏసి, క్లచ్చి వదిలినాను.

బండి ఎనక్కి పోయింది.

ఢబ్!

మాబు అన్న రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "అల్లా! మల్ల బోర్లా ఏసినామా?" అని బండి కిందికి ఉరికినాడు.

నాయన వంగి గేరు రాడ్డు పక్క చూసినాడు. తర్వాత నా పక్క చూసినాడు.

"లేదు మాబూ, లెయ్యి. బండి సరిగ్గానే ఉండాది. మా పాపే రివర్సులో ఉండాది."

ఎనకాల ఏముండాది అనుకున్నారు? వీధిలో అందరూ ఎవరి సామాను వాళ్లు లోపల పెట్టుకున్నారు గదా. మిగిలింది ఒకటే. నా స్కూటీ! ముందు చక్రం ఎనిమిది అంకె మాదిరి అయ్యింది.

ఇప్పుడది ఇంటెనక జీపు ఉన్న తావులోనే ముక్కలు ముక్కలుగా పరిచి ఉండాది. ఈ పొద్దు నేను లేచేసరికే నాయన కుర్చీ దాని పక్కకి జరిగి ఉండాది, చేతిలో పద్నాలుగు పానా.

"రా పాపా. దీనికి గేర్లు లేవంట గదా, నువ్వు భయపడాల్సిన పనిలేదు" అన్నాడు.