బగ్దల్ దాకా వెళ్లిన హాల్ టికెట్

మా చర్చి పాటల గుంపుకు ముప్పై ఏళ్లుగా నేనే మాస్టర్ని. నా పేరు బర్నబా. నాకు కోపం ఎక్కువని బీదర్‌లో మావాళ్లంతా అంటారు, నిజమే. పాడేటప్పుడు శ్రుతి తప్పితే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఫెబా మీద కోపం వచ్చింది శ్రుతి తప్పినందుకు కాదు. ఆ పిల్లకు శ్రుతి తప్పడమే తెలియదు. పాడనన్నందుకు వచ్చింది.

ఫెబా, కాలిన మోటార్లకు తీగ చుట్టే సంగమేశ్ కూతురు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువు మూడేళ్లూ పూర్తి చేసింది, రెండు పేపర్లు మాత్రం మిగిలిపోయాయి. ఒకటి లెక్కలు. రెండోది, చెబితే నవ్వుతారు, మోటార్ల పేపరే. పదేళ్ల వయసు నుంచి తండ్రి దుకాణంలో కూర్చుని రాగితీగ చుట్టిన పిల్ల. కాలిన మోటారును విప్పకముందే వాసన చూసి ఏం పోయిందో చెబుతుంది. అదే సంగతి కాగితం మీద ఇంగ్లిష్‌లో రాయమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. మొదటిసారి ఆరు మార్కులతో పోయింది, రెండోసారి రెండు మార్కులతో. ఇది మూడోసారి. హుమ్నాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీ వాళ్లు ఇంటర్వ్యూ చేసి, ఆగస్టులోపు డిప్లొమా తెస్తే ఉద్యోగం నీదేనన్నారు. ఈసారి తప్పితే అది ఇంకొకరిదవుతుంది.

శనివారం లెక్కల పరీక్ష, సోమవారం మోటార్ల పరీక్ష. నడుమ ఆదివారం సాయంత్రం మా చర్చి మైదానంలో పాటల సభ. ఏడాదికొక్కసారి జరిగే సభ. మొదటి పాటకూ ఆఖరి పాటకూ ఫెబా గొంతే ముందుండాలని నేను మూడు నెలల ముందే రాసిపెట్టుకున్నాను. శుక్రవారం ఆ పిల్ల వచ్చి నిలబడే చెప్పేసింది.

"మొదటి పాట పాడుత సార్. పాడి ఇంటికి పోత. ఆఖరి పాటకు నన్ను అడగొద్దు."

దేవుడి పని కన్నా నీ పరీక్ష గొప్పదా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆమె హార్మోనియం మీద దుమ్ము తుడిచి వెళ్లిపోయింది.

పరీక్షల కాలంలో మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు హాల్ టికెట్లూ పెన్నులూ తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. పాస్టరుగారు వాటి మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. శనివారం సాయంత్రం ఆ ప్రార్థన జరిగింది. లెక్కల పరీక్ష బాగా రాసిన ఫెబా కూడా వచ్చి, హాల్ టికెట్ బల్ల మీద పెట్టి, చదువుకోవాలని ముందే వెళ్లిపోయింది. టికెట్ తీసుకురమ్మని నాయనమ్మ తాయవ్వకు చెప్పింది. చూపు సరిగా ఆనని తాయవ్వ బల్ల తడిమి చూసి, ఏమీ దొరక్కపోతే, పిల్లే తీసుకుపోయి ఉంటుందనుకుని ఇంటికి వెళ్లింది.

ఆదివారం మధ్యాహ్నం నేను సంగమేశ్ ఇంటికి వెళ్లాను. ఆఖరి పాటకు ఎలాగైనా ఒప్పించాలనే వెళ్లాను, దాచడం ఎందుకు. ఇంట్లో అందరూ నేల మీద కూర్చుని జొన్నరొట్టె, మటన్ తింటున్నారు. నడుమ విప్పేసిన మోటారొకటి ఉంది. సంగమేశ్ ఒక్కొక్క భాగం మీద వేలు పెట్టి దుకాణం భాషలో అడుగుతున్నాడు, ఫెబా ముద్ద మింగి పుస్తకం భాషలో చెబుతోంది. తాయవ్వ చేతిలో పెద్ద అంకెల గడియారం. ఒక్కో జవాబుకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూసేది ఆమే. పని చెప్పడానికి కూతుర్ని పిలవబోయిన ఫెబా తల్లి ప్రేమలను అత్త కళ్లతోనే ఆపింది. గోడ మీద ఫెబా రాసి అంటించిన జవాబులు, ఒక్కొక్కటి ఏడేసి సార్లు. అది చూశాక నేను వచ్చిన పని నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

తిన్నాక ఫెబా రేపటికి సంచి సర్దుకుంది. పెన్నులు, స్కేలు, క్యాలిక్యులేటర్ పెట్టుకుని, హాల్ టికెట్ ఇమ్మని నాయనమ్మను అడిగింది. నువ్వే తెచ్చుకున్నావు కదా అంది తాయవ్వ. ఇద్దరి దగ్గరా లేదు. ఇంకో టికెట్ ఇప్పించుకుందామంటే ఆదివారం కాలేజీకి తాళం. సోమవారం ఆఫీసు తెరిచేది పదింటికి, పరీక్ష తొమ్మిదిన్నరకు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. శనివారం అదే బల్ల మీద నా పాటల కాగితాలున్నాయి. ప్రార్థన కాగానే అన్నీ కలిపి ఊడ్చినట్టు తీసి ఫైల్లో పెట్టుకున్నది నేను. మా పిల్లలకు తెలుగు మాట వచ్చు గానీ తెలుగు అక్షరం రాదు. అందుకని తెలుగు పాటలన్నీ నేను కన్నడ లిపిలో రాసి ఆ ఫైల్లో ఉంచాను. దగ్గర్లోని బగ్దల్ ఊరి చర్చి గుంపు కూడా సభలో పాడుతోంది కనుక, చూసి నేర్చుకుంటామంటే ఆ ఫైలును వాళ్ల నవనాథ్‌కు అదే సాయంత్రం ఇచ్చి పంపాను.

"తప్పు నాదే," అన్నాను. నా జీవితంలో ఆ మాట ఎన్నిసార్లన్నానో వేళ్ల మీద చెప్పొచ్చు.

నవనాథ్‌కు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. సాయంత్రం సభకు వాళ్లే వస్తారు, అప్పుడడుగుదామన్నాడు సంగమేశ్. ఫెబా ఒప్పుకోలేదు. ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. తండ్రి స్కూటర్ తాళం తీసుకుంది.

"వాళ్లు ఫైలు ఇంట్లనే ఇడ్సి వస్తే? రాండ్రి సార్, జల్ది పోయొద్దాం. మీరు ఎనక కూసొని నన్ను ప్రశ్నలడుగుండ్రి."

బగ్దల్ దాకా నేను గోడ మీది కాగితాలు పట్టుకుని, నాకు ఒక్క ముక్క అర్థంకాని ప్రశ్నలడుగుతూ పోయాను. ఆమె గాలికి ఎదురుగా గట్టిగా జవాబులు చెప్పింది. ఎక్కడా తడబడలేదు. శుక్రవారం నేనన్న మాట దారి పొడుగునా నన్ను పొడుస్తూనే ఉంది.

బగ్దల్ చర్చి తలుపు తీసే ఉంది. లోపల గుంపు పాటలు నేర్చుకుంటోంది, ఫోన్లన్నీ కిటికీలో వరసగా పడి ఉన్నాయి. ముందు బల్ల మీద శుభ్రమైన తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద ఇంకేమీ లేదు, ఫెబా హాల్ టికెట్ ఒక్కటే ఉంది.

నవనాథ్ ఆశ్చర్యపోయాడు. "ఫైల్ల పెట్టి పంపిండ్రు గద సార్. మేం సుత ప్రార్థన చెయ్యాల్నని పంపిండ్రనుకున్నం. సాయంత్రం తెచ్చిద్దామనుకుంటిమి."

ముందు వరుసలోంచి బసమ్మ అనే ముసలామె లేచి వచ్చింది. టికెట్ మీది ఫొటోనూ ఫెబానూ మార్చి మార్చి చూసి, ఆమె గడ్డం పట్టుకుంది.

"నువ్వేనా బిడ్డా? పొద్దుగాల ముప్పై మందిమి నీ పేరు తీసి అడిగినం. మిషిన్ల పరీక్షంట గదా. మంచిగ రాయి."

ఇంట్లో ఏడవని పిల్ల అక్కడ ఏడ్చింది. తిరిగి వస్తూ మా ఊరి దగ్గరికొచ్చాక, ఇప్పుడు ఫెయిలైతే నాయినకొక్కనికే కాదు సార్, ముప్పై మందికి మొఖం చూపియ్యాలె అంది. తరువాతి ప్రశ్న అడగమంది.

సాయంత్రం ఆమె మొదటి పాట పాడింది. అంత నిబ్బరంగా ఆ పాట ఎవరూ పాడగా నేను వినలేదు. పాట అయిపోగానే చప్పట్లకు కూడా ఆగకుండా వేదిక దిగి, గేటు దగ్గర స్కూటర్ మీద కాచుకున్న తండ్రి వెనక ఎక్కి వెళ్లిపోయింది. ఆఖరి పాట నేనే పాడాను. గొంతు రెండు చోట్ల జీర పోయింది, శ్రుతి కూడా తప్పింది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

సోమవారం పరీక్ష కేంద్రం గేటు బయట నేనూ సంగమేశ్ నిలబడ్డాం. మూడు గంటల తరువాత ఫెబా బయటికొచ్చి, చెయ్యి ఎక్కడా ఆగలేదంది.

ఏడు వారాల తరువాత ఫలితాలు వచ్చాయి. ఆ రోజు నేను ఫోన్ చేద్దామని కళ్లద్దాలు వెతుక్కుంటుంటే బగ్దల్ నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడింది బసమ్మ. హాల్ టికెట్ మీది నంబరును ఆమె ఆ ఆదివారమే క్యాలెండర్ మీద రాయించి పెట్టుకుందట. పొద్దున్నుంచీ నవనాథ్ చేత ఫోనులో ఫలితాలు వెతికిస్తూనే ఉందట. ఫెబా ఫలితం ఏమైందని నేను అడిగేలోపే ఆమె చెప్పింది.

"మా పిల్ల పాసయ్యింది సార్. మీకు ఎవలన్న చెప్పిండ్రో లేదో అని చేసిన."