అన్‌ఫిట్ సారు ఆరోగ్య వారోత్సవం

ఆ రోజుల్లో మా సికింద్రాబాదులో ఎవరైనా ఎదురుపడి "బాగున్నారా" అంటే, జవాబు చెప్పే ముందు ఈయన ఎందుకడిగాడబ్బా అని కాసేపు తల గోక్కునేవాళ్ళం. పోలీసు చర్య జరిగి ఇంకా ఒక చలికాలమైనా గడవలేదు. నిజాం పాలన పోయి మిలిటరీ పాలన వచ్చింది. పక్కింటాయన రేడియో గొంతు తగ్గించినా అనుమానమే, పెంచినా అనుమానమే. పాలవాడు మామూలుకంటే చిక్కటి పాలు పోస్తే మా అమ్మ ముందు పిల్లికి పోసి చూసేది (పిల్లి ఆ ఏడాది బాగా ఒళ్ళు చేసింది). సరిగ్గా అలాంటి కాలంలో ఒక విశ్వవిద్యాలయం మొత్తాన్ని "బాగున్నారా" అని అడిగే పని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

అప్పటికి నేనక్కడ జంతుశాస్త్రంలో టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్ని. కప్పను కోసి పిల్లలకు దాని గుండె చూపించడం నా ఉద్యోగం. మా శాఖ పెద్దసారు ఒకరోజు పిలిచి, అన్ని కాలేజీలకూ అన్ని హాస్టళ్ళకూ కలిపి ఆరోగ్య వారోత్సవం జరపాలన్నారు. ప్రతి కుర్రాడి బరువు తూచాలి, ఛాతీ కొలవాలి, పళ్ళు చూడాలి, చివర్న గ్లాసుడు పాలివ్వాలి. ఆఖరిరోజు మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు చూడటానికొస్తారు. ఆయన మెచ్చితే నా ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే వేసవి సెలవులతోపాటు నాకూ సెలవే. నన్నే ఎందుకు ఎంచుకున్నారో కూడా ఆయన దాచలేదు. "మీరు సికింద్రాబాదు క్రిస్టియన్లు. రజాకారని హిందువులు భయపడరు, కమ్యూనిస్టు సంఘం మనిషని ముస్లింలు భయపడరు. మీమీద ఎవరికీ అనుమానం రాదు," అన్నారు. నేను పొంగిపోయాను. వారం తిరక్కుండానే అందరికీ కలిపి అనుమానం వచ్చిన ఏకైక మనిషిని నేనే అవుతానని అప్పుడు తెలియదు.

పర్మనెంటు అనే మాట వినగానే నా మనసు సీతాఫల్‌మండికి పరిగెత్తింది. అక్కడ ఒక రైల్వే గార్డుగారి అమ్మాయితో నా పెళ్ళి మాట నడుస్తోంది. నడుస్తోందంటే సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. "టెంపరరీ మనిషికి పర్మనెంటుగా పిల్లనెట్లా ఇస్తామయ్యా" అని ఆయన మా నాన్నను అడిగారు. చర్చిలో ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వినప్పుడల్లా ఆయన నా వైపు చూసేవారు, ఆ చూపు వేరు.

సాయానికి మా మేనమామను పట్టుకెళ్ళాను. రాంగోపాల్‌పేట్‌లో మాతోనే ఉండేవాడు. కంటోన్మెంటులో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు, కొత్తగా చేరే సిపాయిల్ని తూచి కొలిచి పంపడంలో జుట్టు నెరిసినవాడు. పాత పరిచయంతో అక్కణ్ణుంచే పెద్ద త్రాసు కూడా అడిగి తెచ్చాడు. చేతికి కొలతల టేపు రాగానే మామయ్యకు సర్వీసు రోజులు గుర్తొచ్చాయి. ఒక్కో కుర్రాణ్ణి చొక్కా విప్పించి నిలబెట్టడం, "ఊపిరి పీల్చు, వదులు" అనడం, కొలిచి "ఫిట్" అని వీధి చివరికి వినబడేలా అరవడం, తడిస్తే ఊదారంగు తిరిగే పెన్సిలు నాలికకు అద్దుకుని వాడి గుండెల మీద నంబరు వేయడం. ఇదంతా ఫౌజు పద్ధతి. ఆయనకు వేరే పద్ధతి రాదు, నాకు అసలు ఏ పద్ధతీ తెలియదు. నేను పక్కన నిలబడి పాలగ్లాసులు అందిస్తూ నవ్వుతున్నాను (ఆ నవ్వే కొంప ముంచిందని తర్వాత చెప్పారు).

మర్నాడు పొద్దున త్రాసు ఉంది, మామయ్య ఉన్నాడు, పాలు ఉన్నాయి, కుర్రాళ్ళు లేరు. నంబరు పడ్డవాళ్ళలో సగంమంది ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళకు పోయారట. మిగిలినవాళ్ళు గుండెలు తోముకుంటూ బావి దగ్గర ఉన్నారట. ఎవరి భయం వాళ్ళది. చొక్కా విప్పించింది భుజాలమీద రజాకార్ల కవాతులో కట్టె మోసిన కాయలున్నాయేమో చూడటానికని పాతబస్తీ కుర్రాళ్ళు అనుకున్నారు. కమ్యూనిస్టు దళాలతో అడవుల్లో తిరిగిన ముళ్ళగీతలు వెతకడానికని నల్లగొండ కుర్రాళ్ళు అనుకున్నారు. ఏదైతేనేం, నంబరు పడ్డవాణ్ణి ఫౌజు లారీ వచ్చి ఎక్కించుకుపోతుందని మాత్రం అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. ఆ యూనివర్సిటీలో అంత ఐకమత్యం నేను అంతకుముందు చూడలేదు.

నేను హాస్టలు మెస్సుకెళ్ళి బతిమాలాను. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక భారీ కుర్రాడుండేవాడు, అందరూ పహిల్వాన్ అనేవారు. వాడు లేచి నిలబడితే మెస్సులో వెలుతురు తగ్గేది. వాడే అందరి తరఫునా అడిగాడు.

"ఛాతీ కొలుస్తుండ్రు గదా సార్, అంగీ కుట్టిస్తరా, ఫౌజుల కలుపుతరా? ఊకెనే పాలెవ్వరు పోస్తరు?"

ఆరోగ్యం కోసమేనని నేను చెప్పిన కొద్దీ వాళ్ళ మొహాలు బిగుసుకుపోయాయి. చివరికి, "అయితే ముందుగాల మీరు తూగుండ్రి," అన్నాడు. సరేనని అందరి ముందూ చొక్కా విప్పి త్రాసెక్కాను. మామయ్య నా బరువు చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. టేపు చుట్టి ఊపిరి పీల్చమన్నాడు. పీల్చాను. "పీల్చరా," అన్నాడు. పీల్చే ఉన్నానన్నాను. మేనల్లుడని కూడా చూడకుండా "అన్‌ఫిట్" అని అరిచాడు. నంబరు వేయలేదు, పాలు మాత్రం ఇచ్చాడు. మెస్సు మెస్సంతా విరగబడి నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయినా, పోనీ నమ్మకం కుదిరిందిలే అనుకున్నాను.

కుదిరిన నమ్మకం వేరు. అన్‌ఫిట్ అయితే నంబరు పడదు, లారీ రాదు, పాలు దక్కుతాయి అని వాళ్ళు లెక్క తేల్చుకున్నారు. ఆఖరిరోజున ఊళ్ళకు పోయినవాళ్ళు కూడా తిరిగొచ్చి బారులు తీరారు. ఆ బారును చూస్తే మాత్రం ధర్మాసుపత్రి గుర్తొచ్చింది. ఒకడు కుంటుతున్నాడు, ఒకడు దగ్గుతున్నాడు, ఒకడు మూలుగుతున్నాడు. పహిల్వాన్ ఇద్దరి భుజాలమీద చేతులేసుకుని వేలాడుతున్నాడు (ఆ ఇద్దరి అవస్థ మాత్రం నిజం). రాత్రంతా చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే తెల్లారేసరికి జ్వరం వస్తుందని అందరూ పెట్టుకుపడుకున్నారు. ఉల్లిగడ్డ ఒక్కటన్న మిగల్లేదు, కూరెట్ల చేయాలె అని వంటమనిషి పరేషానై తిరుగుతున్నాడు. అప్పుడే మద్రాసు ఆఫీసరు కారు దిగారు.

ఆయన బారు వెంట నడుస్తూ మధ్యమధ్య గాలి పీలుస్తూ ఆగారు. పర్మనెంటు పోయింది, సీతాఫల్‌మండి పోయింది అనుకున్నాను. ఆఫీసరు మామయ్య దగ్గర ఆగి, "ఎంతో అనుభవం ఉన్నవారట. వీళ్ళది నిజంగా రోగమేనంటారా?" అని అడిగారు. దొంగదగ్గు కనిపెట్టడంలో మామయ్యను మించినవాడు కంటోన్మెంటులో లేడు. పట్టుకున్నవాడికల్లా ఆముదం పట్టించేవాడు. పైగా ఆదివారం బడిలో అబద్ధమాడరాదని పాఠం చెప్పే మనిషి. ఆయన బారు మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చూశాడు. పహిల్వాన్ దగ్గడం కూడా మరిచిపోయి ఆయన నోటివైపే చూస్తున్నాడు.

"ఒక్కడికొస్తే దొంగరోగమండీ," అన్నాడు మామయ్య. "ఇంతమందికొస్తే నిజం రోగమే."

ఆఫీసరు మా పెద్దసారుతో, ఇంత అవసరమున్నచోట వారోత్సవాలేమిటి, ఏడాదంతా పాలివ్వండి, ఈ పని చూడటానికి ఈ అబ్బాయిని పర్మనెంటు చేయండి అన్నారు. "ఈ అబ్బాయికి కూడా పాలివ్వండి," అని కూడా అన్నారు.

టాంగాలో ఇంటికొస్తూ, అబద్ధం ఎలా ఆడావని మామయ్యను అడిగాను. ఆయనకు కోపమొచ్చింది. "అబద్ధమేంట్రా? ఏడాదిగా ఎప్పుడెవరొచ్చి ఎవర్ని పట్టుకుపోతారో తెలీక ఊరూవాడా ఊపిరి బిగబట్టుకు కూర్చుంది. ఛాతీలు ఎక్కణ్ణుంచి పెరుగుతాయి? నీది మాత్రం పుట్టుకే," అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ, ఆ రాత్రి ఆ కుర్రాళ్ళ మొహాలు గుర్తొచ్చి నాకు దుఃఖమొచ్చింది. వేసవిలో పెళ్ళయింది. పహిల్వాన్ కుంటకుండా వచ్చి రెండు పంక్తుల్లో భోంచేశాడు.

ఇప్పుడు సైనిక్‌పురిలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం. చుట్టూ రిటైరైన ఫౌజీలే. వాళ్ళు నిటారుగా నడుస్తుంటే నేను వెనక నడుస్తాను. మొన్న వాళ్ళే పెట్టిన వైద్యశిబిరానికి నన్నూ తోసుకెళ్ళారు. అక్కడి నర్సమ్మ నవ్వుతూ, "జెర మిషనెక్కు తాతా, బరువు చూస్తా," అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకని అడిగాను. "ఊకెనే తాతా, పైసల్లేవు," అంది. ఊకెనే అనేసరికి నా కాళ్ళు రెండడుగులు వెనక్కేశాయి. పక్కన కుర్చీలో కూర్చున్న సీతాఫల్‌మండి అమ్మాయి, నోట్లో పళ్ళు లేకపోయినా, అప్పట్లో చర్చిలో నవ్వినట్టే నవ్వి, నా చెవి దగ్గరకు వంగింది.

"ఇంట్లో ఉల్లిపాయలున్నాయి, తెప్పించనా?"